చేనికి పెట్టు నీరు – మనిషికి పెట్టు నీరు

జూన్ మాసములో ధవళేశ్వరము వద్ద తలుపులు ఎత్తి డెల్టా కాలువలకు నీరు వదలిరన్న కబురు అందినంతనే మన ఊళ్ళలో ఎంతటి కదలిక వచ్చునో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. బోదె పూడిక ఎవరు తీయవలెను, ఆకుమడికి ముందు నీరు ఎవరిది, శివారు చేలకు తడి ఎన్నడు అందును అని అరుగులమీదను, టీ బడ్డీల వద్దను చర్చలు జరుగును. నీటి విషయమున గోదావరి రైతుకు ఒకరు పాఠము చెప్పవలసినది లేదు. మడిలో ఎన్ని అంగుళముల నీరు నిలిచినదో అతడు గట్టుమీదనుండియే చూచి చెప్పగలడు. 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసినది మొదలు ఈ విద్య మన ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్నది.

అంతటి నేర్పుగల రైతును నేను ఒక్క ప్రశ్న అడుగదలచినాను. మీ చేను ఊడ్చుటకు వచ్చిన మనుష్యులు ఆ దినమున ఏ నీరు త్రాగిరి?

నేను చూచినది చెప్పెదను. సార్వా ఊడ్పులు ముమ్మరముగ సాగుచున్న దినములలో ఒక కాలువ పక్క గ్రామమునకు పోయితిని. ఇరవై మంది ఆడువారు మడిలో వంగి నాట్లు వేయుచున్నారు. ఇంటినుండి సీసాలలో తెచ్చుకొన్న నీరు పది గంటలకే అయిపోయినది. అంతట ఒకామె గట్టెక్కి, బోదెలో ముంత ముంచి, చీరచెంగును మూతికి అడ్డముపెట్టి వడగట్టి తాను త్రాగి, మిగిలినవారికి అందించినది. "ఆ నీరు త్రాగవచ్చునా తల్లీ?" అని అడిగితిని. "ఆయ్, పారే నీళ్ళకి దోషమేంటండీ!" అని ఆమె నవ్వినది. గట్టుమీద గొడుగు పట్టుకొని నిలిచిన ఆసామి కూడ తల ఊపినాడు. ఆ బోదెకు రెండు ఫర్లాంగుల ఎగువన, కాలువ గట్టునకు ఆనుకొని ఒక ఇంటి మరుగుదొడ్డి గొట్టము తిన్నగ కాలువలోనికి దిగియున్నది. ఆసామికి అది తెలియనిది కాదు.

పారే నీటికి దోషము లేదనుమాట మన పెద్దలనాటి మాట. నాడు ఊళ్ళు చిన్నవి, జనము పలుచన. నేడు ఆ మాట నమ్మదగినది కాదు. పారెడు నీరు మాలిన్యమును ఒక ఊరినుండి తీసి మరియొక ఊరికి అందించును గాని దానిని మాయము చేయదు. ఎగువ ఊరివారు విడిచినది దిగువ ఊరివారు త్రాగుదురు. నీరు పల్లమెరుగును, ఆ పల్లమున ఎవరు ఉన్నారో దానికి తెలియదు.

ఈ నీటిలో ఏమున్నది?

మలేరియా జ్వరమునకు కారణమైన సూక్ష్మజీవి దోమ కడుపులో పెరుగునని 1897లో రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే కనుగొనినాడు. నాటినుండి దోమ అన్నచో పిల్లలకు సహితము భయము తెలియును. అయితే అదే తెగకు చెందిన మరికొన్ని ఏకకణ జీవులు మనుష్యుని ప్రేగులలో కాపురముండును. వీటిని ప్రోటోజోవాలందురు. వీటికి దోమ అక్కరలేదు. మన చేయి, మన నీరు, మన కూర, ముసురు ఈగ – ఇవే వీటి వాహనములు. ఒక్క మాటలో చెప్పవలెనన్న, ఒకరి మలము మరియొకరి నోటికి చేరుటయే ఈ వ్యాధుల మార్గము. వినుటకు రోతగా ఉన్నను సంగతి ఇదియే. రోతపడి ఊరకుండుటచేతనే ఇన్ని దినములు ఈ విషయము మరుగున పడినది.

వీటిలో మొదటిది అమీబా. జిగట విరేచనములు, నెత్తురు విరేచనములు కలిగించునది ఇదే. 1875లో రష్యా దేశమున లోష్ అను వైద్యుడు జిగట విరేచనములతో తీసుకొనుచున్న ఒక రోగి మలములో దీనిని సూక్ష్మదర్శినితో చూచి లోకమునకు చాటెను. ఆ రోగి పల్లెనుండి వచ్చిన ఒక రైతు. అతడు బ్రతుకలేదు. రెండవది జియార్డియా. దీనిని 1681లోనే హాలండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ తాను చేసికొన్న కటకముతో తన మలములోనే చూచెను. ఇది పై ప్రేగును పట్టుకొని, జిడ్డుగా తేలెడు దుర్వాసన విరేచనములు, కడుపుబ్బరము, త్రేన్పులు కలిగించును. నెత్తురు పడదు. పిల్లలు తిన్నది ఒంటబట్టక ఎండిపోవుదురు. మూడవది క్రిప్టోస్పోరిడియం. ఇది పసిపిల్లలకు, ఒంటిలో శక్తి ఉడిగినవారికి ప్రమాదకరము. ఇందులో ఒక రకము మన దూడలలోను పారుడు రోగము కలిగించును. కావున పాడి రైతులు దీనిని మరువరాదు.

ఈ జీవులకు ఒక ఉపాయము కలదు. ప్రేగునుండి వెలువడునప్పుడు ఇవి తమచుట్టు గట్టి పెంకు కట్టుకొనును. దీనిని కోశమందురు. మన గింజ పొట్టులో దాగి విత్తువరకు నిద్రించినట్లు, ఈ కోశములో ఆ జీవి నిద్రించును. అమీబా కోశము మిల్లీమీటరులో నూరవవంతు మాత్రము ఉండును. తడిలో, నీడలో, చల్లని నీటిలో ఇది దినములు, ఒక్కొక్కప్పుడు వారములు బ్రతికియుండును. ఎండి పోయినచో చచ్చును. నీరు తెర్లినచో చచ్చును. కాని నీళ్ళ ట్యాంకులో మామూలుగ కలుపు క్లోరిన్ మోతాదునకు ఇది సులభముగ లొంగదు. క్రిప్టోస్పోరిడియం అసలే లొంగదని చెప్పవచ్చును. ఎంత కొద్దిపాటి కోశములతో వ్యాధి తగులునన్నది 1954లో అమెరికాలో పరీక్షించి చూచిరి; జియార్డియా తగులుటకు పది కోశములే చాలినవి. రోగి ఒకసారి విసర్జించు మలములో లక్షల కొలది కోశములుండును.

ఇంక చీరచెంగు సంగతి. బంగ్లాదేశములో పాత చీరను పలు మడతలు వేసి నీరు వడగట్టుటవలన కలరా సుమారు సగమునకు తగ్గినదని 2003లో ప్రకటించిరి. కలరా క్రిమి నీటిలోని చిన్న పురుగులను అంటిపెట్టుకొని ఉండుటచేత ఆ పురుగులతోపాటు గుడ్డలో చిక్కినది. అమీబా కోశము అట్లు చిక్కదు. పైగా మన అమ్మలు పెట్టునది ఒకే పొర. వడగట్టుట మంచి అలవాటే; అది చాలునని నమ్ముట మాత్రము పొరపాటు. గోదావరికి ఎర్రనీరు వచ్చునప్పుడు చిల్లగింజ అరగదీసి కలుపుటయు, పటిక త్రిప్పుటయు ఇట్టివే. మన్ను అడుగునకు దిగి నీరు తేటపడును. తేటనీరు అనిన శుద్ధమైన నీరు కాదు.

డెల్టాకు ఉన్న ప్రత్యేకమైన చిక్కు

మెట్ట ప్రాంతమువారు లోతు బోరు వేసికొని తప్పించుకొనవచ్చును. మనకు ఆ వీలు అంతటను లేదు. నరసాపురము వైపునను, కోనసీమ సముద్రతీరమునను భూమిలో ఉప్పునీరు తగులును. కావున కాలువ నీరే మనకు పంటనీరు, అదియే మంచినీరు. ఎండకాలమున కాలువలు కట్టివేయుటకు ముందు గ్రామపు మంచినీటి చెరువులను నింపుకొందుము. తిరిగి కాలువ వచ్చువరకు ఆ చెరువే ఊరికి దిక్కు. ఆ చెరువునకు ఏది చేరినను రెండు నెలలపాటు ఊరంతయు దానినే త్రాగును.

మరియొక చిక్కు: మన నేలలో నీటిమట్టము బహు పైన ఉండును. మెట్ట భూమిలో గొయ్యి త్రవ్వి కట్టిన మరుగుదొడ్డి, మన పల్లపు భూమిలో అదే తీరున కట్టినచో, వానకాలమున ఆ గొయ్యి నీటిలో మునిగియుండును. దానిలోని సరకు పక్కనున్న నూతిలోనికో మురుగు కాలువలోనికో ఊరి పోవును. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ కార్యక్రమము మొదలయినది మొదలు ఊరూర మరుగుదొడ్లు లేచినవి. ఇది ఎంతో మేలు. దీనిని తక్కువ చేయువాడను కాను. అయితే మరుగుదొడ్డి కట్టుటతో పని సగమే అయినది. దాని గొట్టము ఎక్కడ తేలినదను ప్రశ్న మిగిలియున్నది. అది కాలువలో తేలినచో, చెంబు పట్టుకొని కాలువగట్టునకు పోవు పాతపద్ధతికిని దీనికిని తేడా ఏమి? మనుష్యుడు గట్టుకు పోవుట మానినాడు. మలము మాత్రము గొట్టములో ప్రయాణము చేసి అక్కడికే చేరుచున్నది.

"మా తాతలు త్రాగలేదా?"

ఈ సంగతులు చెప్పినప్పుడు తప్పక వచ్చు ప్రశ్న ఇది. మా తాతలు ఈ కాలువ నీరే త్రాగి తొంబది ఏండ్లు బ్రతికిరి గదా అని. సోదరులారా! తొంబది ఏండ్లు బ్రతికిన తాతను మనము చూచితిమి. ఆయనతో పుట్టి, తొట్టెలోనే పోయిన తోబుట్టువులను మనము చూడలేదు. వారి పేర్లు మీ ఇంటి పెద్దలను అడిగి తెలిసికొనుడు.

ఇందుకు మన గడ్డమీది కుటుంబమే సాక్ష్యము. భీమవరమున 1895లో పుట్టి, తదుపరి అమెరికాలో లోకప్రసిద్ధి గాంచిన వైద్య శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులు స్ప్రూ అను, మనవారు సంగ్రహణి అను ప్రేగుల వ్యాధితో మరణించిరి. ఆయనను కూడ అదే వ్యాధి పట్టుకొన్నది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బయటపడిరని చెప్పుదురు. స్ప్రూ అమీబా వ్యాధి కాదు. దాని పుట్టుక వేరు. అయినను చెడిన ప్రేగు మనిషిని ఎట్లు తినివేయునో, చదువుకొన్న ఇంటినైనను అది విడువదని తెలుపుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు. ఆయన లెడర్లే ప్రయోగశాలలో నడిపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయినది. తన తోబుట్టువులను కాపాడజాలని వాడు లోకమున పరులను కాపాడెను. ఆ మహనీయుని జిల్లావారము మనము. బోదె నీటిని గూర్చి "దోషమేంటండీ" అనుట మనకు తగునా?

మరియొక మాట. అమీబా సోకినవారిలో పదింట తొమ్మిది మందికి ఏ బాధయు కనబడదు. వారు తిరుగుదురు, పని చేయుదురు, వంట చేయుదురు. వారి మలముతో కోశములు మాత్రము వెలువడుచుండును. కావున "నాకేమియు కాలేదు" అనుట నీరు మంచిదనుటకు రుజువు కాదు. మీకు కానిది మీ ఇంటి పసిబిడ్డకు కావచ్చును.

ఇది పేద దేశములకే పరిమితమైన వ్యాధి అనియు తలపరాదు. 1933లో చికాగో నగరమున గొప్ప ప్రదర్శన జరుగుచుండగా రెండు పెద్ద హోటళ్ళలో మురుగు గొట్టము నీరు మంచినీటి గొట్టములో కలిసినది. సుమారు 1,400 మందికి అమీబా వ్యాధి సోకి వందమంది వరకు మరణించిరి. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరపు కుళాయి నీటిలో క్రిప్టోస్పోరిడియం చేరి 4 లక్షల మంది జబ్బుపడిరి. ధనముండియు గొట్టము సరిచూడని ఊరికి ఆ గతి పట్టినది. గొట్టము సరిచూచుకొనినచో మనవంటి ఊరికి ఆ గతి పట్టదు.

మాత్రలతో తీరునా?

తీరదు. కడుపు కొంచెము కలత పడగానే మందుల దుకాణమునకు పోయి పేరు చెప్పి నాలుగు మాత్రలు కొని, రెండు మ్రింగి, తగ్గినదని మిగిలినవి గూటిలో పెట్టుట మన ఊళ్ళలో వాడుక అయినది. ఇది మూడు విధముల చెడుపు.

మొదటిది, విరేచనములన్నియు అమీబావి కావు. ఎక్కువ వాటికి వైరసులు, బాక్టీరియాలు కారణము. వాటిమీద ఈ మాత్ర పనిచేయదు. రెండవది, అమీబాయే అయినను, మెట్రోనిడజోల్ వంటి మందు ప్రేగు కండలోనికి చొచ్చిన అమీబాను చంపును గాని ప్రేగు లోపలి కోశములను పూర్తిగ చంపదు. అందుకు వైద్యులు తరువాత వేరొక మందు ఇత్తురు. సగము వైద్యము చేసికొన్నవాడు తాను బాగుపడితినని తలచి, ఊరికి రోగము పంచువాడగును. మూడవది, బడిలో పిల్లలకు ఇచ్చు నులిపురుగుల మాత్ర అమీబాకు కూడ పనిచేయునని కొందరు తలంతురు. నులిపురుగులు వేరు, ఇవి వేరు. ఆ మాత్ర తప్పక వేయించుడు. కాని దానితో నీటి జాగ్రత్త మానరాదు.

మలపరీక్షలో "అమీబా ఉన్నది" అని వచ్చినంత మాత్రమున భయపడనక్కరలేదు. రూపములో అచ్చముగ అట్లే ఉండి ఏ హానియు చేయని అమీబా మరియొకటి కలదు. 1993లో శాస్త్రజ్ఞులు ఈ రెంటిని నిశ్చయముగ వేరుపరచిరి. వైద్యుడు లక్షణములతో కలిపి చూచి నిర్ణయించును.

అయితే కొన్ని గుర్తులు కనబడినచో ఒక్క పూట కూడ ఆలస్యము చేయరాదు. విరేచనములో నెత్తురు, జిగట పడుట, జ్వరము, వణుకుతో కుడి డొక్కలో నొప్పి, అది కుడి భుజమునకు ప్రాకుట, ఒళ్ళు చిక్కుట. అమీబా రక్తములో పడి కాలేయమునకు చేరి అక్కడ గడ్డ కట్టినప్పుడు ఇట్లుండును. ఇది నడివయసు మగవారిలో ఎక్కువ. కల్లు త్రాగువారిలో ఇది హెచ్చుగా కనబడుటను మన దేశములోను శ్రీలంకలోను వైద్యులు గమనించి వ్రాసిరి. కాలేయపు గడ్డ ఉన్ననాడు విరేచనములు ఉండకపోవచ్చును కూడ. కావున మోసపోవద్దు, పెద్ద ఆసుపత్రికి పొండు. సకాలములో పట్టుకొన్నచో మందులతో నయమగును.

పసిపిల్లలకు విరేచనములైనప్పుడు ప్రాణము తీయునది ఒంటిలోని నీరు పోవుట. లీటరు మరిగించి చల్లార్చిన నీటిలో ఆరు చెమ్చాల పంచదార, అర చెమ్చా ఉప్పు – చెమ్చా అంచునకు సమముగ కొలిచి – కలిపి, కొంచెము కొంచెముగ త్రాగించుడు. ఆరోగ్య కేంద్రములో పొట్లము దొరికినచో అది మరింత మేలు. తల్లిపాలు మానరాదు. జింకు మాత్రలు 14 దినములు ఇప్పించవలెను.

ఇక మన లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. ఎకరము చేనిలో ఒక్క అంగుళము నీరు నిలుపుటకు లక్ష లీటర్లకు పైగా కావలెను. ఆ చేనిలో వంగి నాట్లు వేయు ఇరవై మందికి మనిషికి నాలుగు లీటర్ల చొప్పున రోజుకు 80 లీటర్లు చాలును; అనగా 20 లీటర్ల డబ్బాలు నాలుగు. లక్ష లీటర్ల కొరకు రాత్రియనక పగలనక కాపు కాయు మనము ఈ 80 లీటర్ల మాట తలపకుండుట న్యాయమా?

నా అభిప్రాయము సూటిగ చెప్పుచున్నాను. పొలములో పనివారు త్రాగు నీరు వారి సొంత సంగతి కాదు. విత్తనము, ఎరువు, దుక్కి ఖర్చులవలె అదియు సాగు పెట్టుబడిలో ఒక పద్దు. దానిని ఆసామి భరించవలెను. కౌలు రైతు ఇప్పటికే మక్తా బరువుతో వంగియున్నాడు, ఈ భారము కూడనా అని అందురేమో. అట్లయిన భూమిగల కామందు దానిలో సగము పంచుకొనవలెను. పంటలో పాలు తీసికొనువాడు నీటిలో పాలు తీసికొనుట న్యాయమే. కూలికి వచ్చిన ఇల్లాలు నాలుగు దినములు మంచమెక్కినచో ఆమె కూలి పోవును. ఆమె బిడ్డకు కూడు పోవును. ఊడ్పుల అదనులో మీ ముఠాకు ఒక చేయి తగ్గును. లెక్క చూచినను ధర్మము చూచినను ఒకటే తేలును.

ఇందుకు చేయవలసినవి కష్టమైనవి కావు.

మొదటిది, పొలమునకు నీరు ఇంటినుండి పంపుడు. రక్షిత పథకపు నీరు కుతకుత తెర్లి ఒక నిమిషము మరిగినచో కోశములన్నియు చచ్చును. అంత నీరు మరిగించుట కుదరనిచో, శుభ్రముగ నడచునని మీకు నమ్మకమున్న కేంద్రమునుండి మూతగల డబ్బాలు తెప్పించుడు. ఏదయినను డబ్బాకు కుళాయి ఉండవలెను. ముంత ముంచినచో ఎంత మంచినీరయినను చేతి మురికి చేరును. పక్కన సబ్బుబిళ్ళ ఒకటి, చేతులకు వేరుగ బకెట్టు నీరు ఉంచుడు. చద్దిమూట విప్పుటకు ముందు చేతులు కడుగుకొనవలెను. మడిలో దిగిన గోళ్ళ సందున ఏమున్నదో కంటికి కనబడదు.

రెండవది, దూరపు చేలలో ఆడువారి మరుగు అవసరములను గూర్చి సిగ్గుపడక ఆలోచించుడు. వారు గట్టుచాటునకు పోవలసినచో ఆ మాలిన్యము మరల మీ బోదెలోనికే వచ్చును. పొలము దగ్గరనున్న పాకలోనో, మోటారు షెడ్డు వద్దనో ఒక మరుగుదొడ్డి కట్టుట పంట ఖర్చులో గొప్ప భారము కాదు.

మూడవది, మరుగుదొడ్డి గోతులు నూతికి పది మీటర్లకు తగ్గని దూరమున ఉండవలెను. మన పల్లపు నేలలో గొయ్యి లోతు తగ్గించి, గట్టు ఎత్తు పెంచి కట్టవలెను. రెండు గోతుల పద్ధతిలో ఒకటి నిండినచో మూసి, రెండవదానిని వాడుకొనుచు, మొదటిదానిని ఏడాదికి పైగా కదల్చక ఉంచినచో అది నిరపాయమైన ఎరువగును. పచ్చి మలమును, మురుగునీటిని కూరమళ్ళకు పెట్టరాదు. గెత్తమును కుప్పవేసి, తడిపి, తిరగవేసి లోపల వేడి పుట్టునట్లు మాగనిచ్చినచో ఆ వేడికి కోశములు చచ్చును. మాగని ఎరువు పంటకు మంచిది కాదు, మనిషికి మంచిది కాదు. పచ్చిగ తిను దోస, ఉల్లి, కొత్తిమీర వంటివి మంచి నీటిలో పలుమారులు కడిగి తినవలెను.

నాలుగవది, పారుడు రోగము పట్టిన దూడను ముట్టినచో సబ్బుతో చేతులు కడుగక పాలు పితుకరాదు, పసిబిడ్డను ఎత్తుకొనరాదు. ఆ దూడను వేరుగ కట్టి, క్రింద పొడిగ ఉంచుడు.

అయిదవది అన్నిటికన్న ముఖ్యము. 1997 చట్టముతో మనకు నీటి వినియోగదారుల సంఘములు వచ్చినవి. ఈ సంఘములు కూడినప్పుడు పూడిక, తూము, షట్టరు, గుర్రపుడెక్క – ఇవే మాటలు. ఇకమీదట కాలువలో తేలిన మరుగు గొట్టముల సంగతి కూడ ఆ కూటములలో మొదటి మాట కావలెను. కాలువలు కట్టిన వేసవిలో గట్టువెంట నడచినచో ఒక్కొక్క గొట్టము బయటపడి కనిపించును. వాటిని లెక్కించి, పంచాయతీతో కలిసి, ఇంటివారిని కసరక, గొయ్యి కట్టుకొనుటకు సాయపడి, మరల కాలువ వచ్చులోపల మూయించవలెను. పేదవాని గొట్టము మూయించి పెద్దవాని గొట్టము చూడనట్లు పోయినచో ఈ పని సాగదు. మంచినీటి చెరువునకు కంచె వేయించి, పశువులు దిగకుండ, బట్టలు ఉతుకకుండ కాపాడవలెను. ఇసుక వడపోత మడులు ఉన్న పథకములలో వాటి పైపొర సకాలమున గీకి శుభ్రపరచుచున్నారో లేదో గ్రామస్థులు పోయి చూడవలెను. క్లోరిన్‌కు లొంగని కోశమును పట్టుకొనునది ఆ ఇసుకయే.

గోదావరికి 2015లో పుష్కరములు వచ్చినవి. పన్నెండేండ్లకు మరల 2027లో వచ్చుచున్నవి. లక్షల జనము మన రేవులకు వత్తురు. నదిని పూజించుట మన ఆచారము. పూజకు ముందు ఇల్లు అలుకుట కూడ మన ఆచారమే. ఆ నీటిలో మన గొట్టము ఒకటి తేలియున్నంతవరకు పూలు వేసి దండము పెట్టినందున ప్రయోజనమేమి?

రైతు సోదరులారా! ఈ సార్వాకు మీరు చేయవలసినది ఒక్కటియే అని తలంతురు గాక. ఊడ్పులు మొదలగు దినమున, ఆకు కట్టలతో పాటు కుళాయి గల నీటి డబ్బాలను కూడ గట్టుమీదికి చేర్చుడు. మొదటి గ్లాసు మీరు అక్కడనే, పనివారితో కలిసి త్రాగుడు. మీరు త్రాగుటకు వెనుదీయని నీరే వారికి పెట్టదగిన నీరు. దానికి మించిన పరీక్ష లేదు.